జెండాల మీద సిలువలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో గోడకు ప్రపంచ దేశాల జెండాల పటం ఒకటి ఉంది. వచ్చిన చుట్టాల పిల్లలు దాని ముందు నిలబడి అడిగే ప్రశ్నలు, వాళ్ల వెనక నిలబడి పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలు కలిపితే ఈ పేజీ తయారైంది. అందరూ ముందుగా అనే మాట ఒకటే: "సిలువ జెండాలన్నీ ఒకేలా ఉన్నాయండీ." ఒకేలా లేవు. సిలువ గుడ్డ మీద ఎక్కడ పడింది, దాని చేతులు ఎలా ముగిశాయి, ఏ రంగు మీద ఏ రంగు వచ్చింది అన్న మూడూ చూడటం అలవాటైతే దేశాలు విడివిడిగా కనపడటం మొదలవుతుంది.

అసలు జెండా మీదికి సిలువ ఎందుకు ఎక్కింది? భక్తితోనేనా?

భక్తి ఉంది, కానీ అవసరం అంతకన్నా పెద్దది. ముఖం కప్పే ఇనుప టోపీ పెట్టుకుని వచ్చేవాడు మనవాడో పగవాడో దూరం నుంచే తెలియాలి. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరులను చూపించింది ముఖాలను బట్టి కాదు, పడగలను బట్టి. తాడిచెట్టు ఉన్నది భీష్ముడిది, పాము ఉన్నది దుర్యోధనుడిది, వేదిక ఉన్నది ద్రోణుడిది. ఐరోపాలో 12వ శతాబ్దంలో డాళ్ల మీద గుర్తులు వేసుకోవటం ఊపందుకున్నదీ ఇలాంటి అవసరంతోనే. ఆ గుర్తుల విద్యను హెరాల్డ్రీ అంటారు. మన చాళుక్యుల వరాహ లాంఛనం లాంటిదే. కాకపోతే అక్కడ ఎవరి గుర్తు ఎవరిదో రాసి పెట్టడానికి, తగవులు తీర్చడానికి ప్రత్యేకంగా ఉద్యోగులు ఉండేవారు.

1095లో పోపు రెండవ అర్బన్ జెరూసలేం మీదికి దండయాత్రకు పిలుపు ఇచ్చినప్పుడు వెళ్లేవాళ్లు (వీళ్లే క్రూసేడర్లు) బట్టల మీద గుడ్డ సిలువ కుట్టుకున్నారు. అందరికీ సిలువే అయితే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? 1188లో ఫ్రాన్సు, ఇంగ్లండు రాజులూ ఫ్లాండర్స్ ప్రభువూ కలిసి రంగులు పంచుకున్నారు. ఫ్రెంచివాళ్లకు ఎర్ర సిలువ, ఇంగ్లీషువాళ్లకు తెల్ల సిలువ, ఫ్లాండర్స్‌వాళ్లకు ఆకుపచ్చ. అవును, ఇంగ్లండుది తెలుపు! ఇప్పుడు క్రికెట్, ఫుట్‌బాల్ మైదానాల్లో ఇంగ్లండు అభిమానులు ముఖానికి పులుముకునే ఎర్ర సిలువ ఆనాటికి ఫ్రెంచివాళ్లది. గుర్తులు ఇలా చేతులు మారుతూ ఉంటాయి.

సిలువ అనాలా, శిలువ అనాలా?

పత్రికల్లో "శిలువ" ఎక్కువ, తెలుగు బైబిల్లో "సిలువ". నేను రెండోదే రాస్తాను. తమిళంలో "సిలువై" అంటారు. దానికి మూలం సిరియాక్ భాషలోని "స్లీబా" అని చెబుతారు కాబట్టి "శి"కి ప్రత్యేకమైన హక్కు ఏమీ లేదు.

ప్లస్ గుర్తులా ఉన్నవీ, ఇంటు గుర్తులా ఉన్నవీ రెండూ సిలువలేనా?

రెండూ సిలువలే. గుడ్డ నాలుగు అంచులనూ తాకే ప్లస్ గుర్తుకు సాధారణంగా సెయింట్ జార్జ్ పేరు చెబుతారు. తెలుపు మీద ఎరుపు అయితే ఇంగ్లండు. ఇటలీలోని జెనోవా నగరానిదీ అదే జెండా. దాని నాలుగు గళ్లలోనూ తలా ఒక చిన్న ఎర్ర సిలువ చేరిస్తే జార్జియా దేశం. 2003లో ప్రభుత్వం మారాక 2004 జనవరిలో ఆ దేశం ఈ అయిదు సిలువల జెండాను ఎత్తింది. ఈ సెయింట్ జార్జ్ మనకు కొత్తవాడేమీ కాదు. 1639లో దామెర్ల నాయకుల దగ్గర చోటు సంపాదించి ఈస్టిండియా కంపెనీ చెన్నపట్నంలో కట్టుకున్న కోట ఆయన పేరిటే ఉంది.

మూల నుంచి మూలకు వెళ్లే ఇంటు గుర్తును సాల్టైర్ అంటారు. సెయింట్ ఆండ్రూను అలాంటి ఏటవాలు సిలువ మీద చంపారని కథ. నీలం మీద తెల్లని సాల్టైర్ స్కాట్లండుది. ఆ నీలం ఎంత ముదురుగా ఉండాలన్నది శతాబ్దాల పాటు ఎవరికి తోచినట్టు వారిది. 2003లో స్కాట్లండ్ పార్లమెంటు సంఘం ఒకటి కూర్చుని ప్యాంటోన్ 300 అనే ఛాయను సిఫారసు చేసింది. రంగులు తిరగేసి తెలుపు మీద నీలం వేస్తే రష్యా నౌకాదళ పతాకం, పీటర్ చక్రవర్తి కాలం నాటిది. పసుపు సాల్టైర్ పైనా కిందా ఆకుపచ్చ, రెండు పక్కలా నలుపు ఉంటే జమైకా. కొమ్మలు నరికిన దుంగల్లా అంచులు గరుకుగా ఉన్న ఎర్ర సాల్టైర్ బర్గండీది. స్పెయిన్ సేనలు దానిని చాలాకాలం మోశాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగేది ఇంకోటి ఉంది: ఎరుపు మీద నక్షత్రాల నీలి సాల్టైర్. అది అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన దక్షిణాది సైన్యం పతాకం. మిసిసిపీ రాష్ట్రం దానిని 1894 నుంచి తన జెండా మూలలో ఉంచుకుని 2020లో తీసేసింది. అక్కడ ఇప్పుడు మాగ్నోలియా పువ్వు ఉంది.

డెన్మార్క్, స్వీడన్, నార్వే జెండాల్లో సిలువ మధ్యలో కాకుండా పక్కకు ఎందుకు జరిగింది?

ఆ ఇంటి పెద్ద డెన్మార్క్. కథ ప్రకారం 1219 జూన్ 15న, ఇప్పటి ఎస్టోనియా రాజధాని టాలిన్ దగ్గర, రెండవ వాల్డెమార్ రాజు సేన ఓడిపోబోతుంటే ఆకాశం నుంచి ఎర్ర గుడ్డ మీద తెల్ల సిలువ ఉన్న జెండా రాలింది. కథ సంగతి ఎలా ఉన్నా 14వ శతాబ్దపు చిహ్నాల సంపుటి ఒకదానిలో డేన్ రాజు డాలు పక్కనే ఈ జెండా బొమ్మ ఉంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న జాతీయ పతాకాల్లో దీనికి మించిన పాతది చూపించటం కష్టం.

పక్కకు జరగటం ఎంత అన్నది మాటల్లో చెబితే అర్థం కాదు, గళ్ల కాగితం తీసుకోండి. ఎత్తు 28 గళ్లు: ఎరుపు 12, తెలుపు 4, మళ్లీ ఎరుపు 12. వెడల్పు 37 గళ్లు: కర్ర వైపు ఎరుపు 12, తెలుపు 4, ఆ తర్వాత ఎరుపు 21. అంటే కర్ర వైపు గళ్లు రెండూ చక్కని చతురస్రాలు. అటు చివరి వైపు గళ్లు మాత్రం సాగిన దీర్ఘ చతురస్రాలు. ఈ పని మా ఇంటికి వచ్చిన పిల్లవాడి చేత స్కెచ్ పెన్నులతో చేయించాను. పూర్తయ్యాక వాడు కాగితాన్ని పుల్లకు అంటించి ఊపాడు. చివర మడతలు పడుతుంటే సిలువ ఇంచుమించు మధ్యలోనే ఉన్నట్టు కనిపించింది. ఇలా ఎగిరేటప్పటి చూపు కోసమే దానిని జరిపారని నేను పందెం కాయను కానీ, ఫలితం మాత్రం అదే.

మిగతావాళ్లు ఈ అచ్చునే తీసుకుని రంగులు మార్చుకున్నారు. స్వీడన్‌ది నీలం మీద పసుపు. ఫిన్లండ్‌ది తెలుపు మీద నీలం, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు 1918లో వచ్చింది. నార్వే 1821లో డేనిష్ జెండా తెల్ల సిలువలోనే నీలి సిలువ దూర్చింది. ఐస్‌లండ్ నార్వే రంగులను తిరగేసి నీలం మీద తెల్ల అంచుతో ఎర్ర సిలువ పెట్టుకుంది. ఫారో దీవుల జెండాను 1919లో కోపెన్‌హాగన్‌లో చదువుకుంటున్న విద్యార్థులు తయారుచేశారు. డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించాక, ఈ దీవుల ఓడలు ఆ జెండాతో తిరగవచ్చని 1940 ఏప్రిల్‌లో బ్రిటన్ ఒప్పుకుంది. గ్రీన్‌లండ్ మాత్రం 1985లో సిలువను వదిలి, మంచు మీద పొద్దు వాలుతున్నట్టుండే ఎరుపు తెలుపుల బింబాన్ని ఎంచుకుంది. ఆ వరసలో నాకు ఎక్కువ నచ్చిన జెండా అదే, సిలువ లేకపోయినా.

క్విజ్ పెట్టేవాళ్లకు ఒక చిట్కా. నార్వే జెండాను ముక్కలుగా కత్తిరించి చూస్తే ఇండోనేషియా, పోలండ్, ఫిన్లండ్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, థాయిలాండ్ జెండాలు ఆరూ దొరుకుతాయి. కొలతలు అక్షరాలా కుదరవు, చూపుకు కుదురుతాయి.

ఏ రంగు మీద ఏ రంగైనా వేయవచ్చా?

హెరాల్డ్రీలో కుదరదు. పసుపు, తెలుపు అంటే బంగారం, వెండి. ఇవి లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహం రాకూడదు, రంగు మీద రంగు రాకూడదు. కారణం శాస్త్రం కన్నా కంటిచూపు. ట్యాక్సీ నంబరు పలకను పసుపు మీద నలుపుతో రాస్తారు తప్ప పసుపు మీద తెలుపుతో రాయరు కదా. నార్వేకు ఎరుపు మీద నీలం కావాల్సి వచ్చింది కాబట్టి మధ్యలో తెల్ల అంచు అడ్డం వచ్చింది. చీర రంగుకూ అంచు రంగుకూ నడుమ జరీ గీత వచ్చినట్టు.

ఈ నియమాన్ని దర్జాగా తప్పినది జెరూసలేం క్రూసేడర్ రాజ్యం. వెండి మీద బంగారు సిలువ, నాలుగు చేతుల చివరా అడ్డపట్టీలు, చుట్టూ నాలుగు చిన్న సిలువలు. తప్పు పట్టబోయినవాడు ఆగి కారణం అడగాలనే అలా పెట్టారని ఒక మాట ఉంది.

స్విట్జర్లాండ్ జెండాకూ రెడ్ క్రాస్‌కూ సంబంధం ఉందా?

ఉంది, అదీ నేరుగా. ముందు స్విస్ జెండా. దాని సిలువ అంచులను తాకదు, గుడ్డ మధ్యలో తేలుతూ ఉంటుంది. 1889లో చేసిన తీర్మానం ప్రకారం ఒక్కో చేయి తన వెడల్పు కన్నా ఆరో వంతు పొడవు ఎక్కువ ఉండాలి. గళ్ల కాగితం మీద 32 గళ్ల చతురస్రం గీసి, చేయి వెడల్పు 6, పొడవు 7 పెట్టండి. సిలువ మొత్తం 20 గళ్లు, చుట్టూ 6 గళ్ల ఎరుపు మిగులుతుంది. చాలామంది అయిదు సమానమైన చతురస్రాలు పేర్చి స్విస్ సిలువ అనుకుంటారు. అలా గీస్తే సిలువ పొట్టిగా, బొద్దుగా కనిపిస్తుంది. చతురస్రాకారపు జాతీయ జెండా స్విట్జర్లాండ్‌కు, వాటికన్‌కు తప్ప ఇంకెవరికీ లేదు.

1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో గాయపడినవాళ్ల దుస్థితి చూసిన హెన్రీ డునాంట్ జెనీవా పౌరుడు. ఆయన ప్రయత్నంతో మొదలైన సంస్థకు, 1864 నాటి మొదటి జెనీవా ఒప్పందానికి గుర్తుగా తెలుపు మీద ఎర్ర సిలువ నిలిచింది. స్విస్ జెండాను తిరగేసిన రంగులు అవి. ఆ దేశానికి గౌరవంగానే అలా పెట్టామని 1906 ఒప్పందంలో రాసుకున్నారు కూడా. తుర్కులు 1876లో సిలువకు బదులు ఎర్ర నెలవంక వాడారు. ఏ మతమూ గుర్తుకు రాని ఎర్ర స్ఫటికం 2005లో వచ్చింది.

ఇక్కడ మన వీధి సంగతి చెప్పుకోవాలి. క్లినిక్ బోర్డు, మందుల దుకాణం, అంబులెన్సు, డాక్టరుగారి కారు అద్దం, ఆఖరికి పిల్లల ఆటబొమ్మల పెట్టె, ఎక్కడ చూసినా ఎర్ర ప్లస్ గుర్తే. కానీ అది వైద్యం గుర్తు కాదు. యుద్ధంలో "నన్ను కాల్చవద్దు" అని చెప్పే రక్షణ గుర్తు. మన దేశంలో జెనీవా ఒప్పందాల చట్టం (1960) ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని వాడకూడదు. ఐరోపాలో మందుల దుకాణాలకు ఆకుపచ్చ సిలువ ఉంటుంది. మనవాళ్లూ రంగు డబ్బా మారిస్తే సరిపోతుంది.

ఇదే చిక్కు ఒక దేశానికి వచ్చింది. పసిఫిక్‌లోని టోంగా రాజ్యం పాత జెండా తెలుపు మీద ఎర్ర సిలువ. రెడ్ క్రాస్ గుర్తు అచ్చం అదే కావటంతో తమ జెండాను ఎర్ర గుడ్డ మూలలోకి చిన్నది చేసి పెట్టుకున్నారు. మళ్లీ ఈ బెడద రాకూడదు అనుకున్నారో ఏమో, జెండాను ఎన్నటికీ మార్చరాదని 1875 రాజ్యాంగంలోనే రాసేశారు.

మాల్టా జెండా మీద ఉన్నది మాల్టీస్ సిలువేనా?

కాదు. పది మందిలో తొమ్మిది మంది తప్పు చెప్పే ప్రశ్న ఇది. మాల్టీస్ సిలువ అంటే నాలుగు బాణపు మొనలు మధ్యలో కలుసుకున్నట్టు ఉండే ఎనిమిది కొనల సిలువ, సెయింట్ జాన్ వీరుల గుర్తు. జాతీయ జెండా మూలలో ఉన్నది జార్జ్ క్రాస్ అనే పతకం బొమ్మ. బాంబుల వర్షం తట్టుకున్నందుకు 1942 ఏప్రిల్ 15న బ్రిటన్ రాజు ఆరవ జార్జ్ ద్వీపం మొత్తానికీ కలిపి ఆ పతకం ఇచ్చాడు. ఎనిమిది కొనల సిలువ కావాలంటే మాల్టా వాణిజ్య నౌకల జెండా చూడాలి. అక్కడ ఎరుపు మీద తెల్లగా ఉంటుంది.

యూనియన్ జాక్‌ను తలకిందులుగా కట్టవచ్చట, నిజమేనా?

నిజమే, చాలామంది పొరపాటున కట్టేదీ అలాగే. ఈ బ్రిటన్ జెండాలో మూడు సిలువలు ఉన్నాయి. 1606లో ఇంగ్లండు ఎర్ర ప్లస్సును స్కాట్లండు తెల్ల ఇంటు మీద పెట్టారు. 1801లో ఐర్లండు పేరిట ఎర్ర ఇంటు చేర్చారు. తెల్ల ఇంటు మీద ఎర్ర ఇంటు నేరుగా పడితే స్కాట్లండు వెనకబడిపోతుంది. అందుకని ఎరుపును పక్కకు జరిపారు. జెండా ఎత్తు 30 అనుకుంటే ఏటవాలు పట్టీలో ఒక పక్క తెలుపు 3, మధ్యన ఎరుపు 2, రెండో పక్క తెలుపు 1. కర్ర వైపు పై మూలలో వెడల్పు తెలుపు పైన ఉండాలి, అదే గుర్తు. వేల్స్ ఎక్కడ అని అడుగుతారు. జెండా పుట్టేనాటికే అది ఇంగ్లండులో కలిసిపోయి ఉంది కాబట్టి చోటు దక్కలేదు.

ఈ జెండా మూలలో ఉన్న దేశాల్లో తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది ఫిజీ. దాని డాలు మీద ఎర్ర సెయింట్ జార్జ్ సిలువ ఉంది. ఆ సిలువ విడదీసిన నాలుగు గళ్లలో చెరకు, కొబ్బరిచెట్టు, అరటిగెల, పావురం. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో మన జిల్లాల వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు కొట్టింది ఆ మొదటి గడిలోని చెరకే. 2015లో ప్రభుత్వం జెండా మారుస్తానంది. 2016 ఒలింపిక్స్ రగ్బీలో బంగారు పతకం వచ్చి ఊరంతా ఆ నీలి జెండా పట్టుకుని వీధుల్లోకి వచ్చేసరికి ఆ ఆలోచన మానుకుంది.

మన నౌకాదళ పతాకం మీద సిలువ ఉండేది కదా, ఏమైంది?

వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. 1950 నుంచి తెల్ల గుడ్డ మీద ఎర్ర సెయింట్ జార్జ్ సిలువ, మూలలో త్రివర్ణం ఉండేవి. 2001 ఆగస్టు 15న సిలువ తీసేసి, దాని చోట నీలి రంగులో నౌకాదళ చిహ్నం పెట్టారు. ఆకాశం నీలం, సముద్రం నీలం, చిహ్నం నీలం! దూరం నుంచి ఏమీ కనపడటం లేదని నావికులే అన్నారు. పైన చెప్పిన రంగుల నియమం ఎందుకు పుట్టిందో ఇంతకన్నా బాగా ఎవరూ చూపించలేరు. 2004లో ఎర్ర సిలువ తిరిగి వచ్చింది, కూడలిలో అశోక సింహాలతో. 2014లో వాటి కింద "సత్యమేవ జయతే" చేర్చారు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ను నౌకాదళంలో చేర్చుకున్న సభలో ఇప్పటి పతాకాన్ని ఆవిష్కరించారు. సిలువ లేదు. శివాజీ ముద్రను తలపించే నీలి అష్టభుజి, రెండు బంగారు అంచులు, లోపల లంగరు, "శం నో వరుణః" అన్న ఆదర్శవాక్యం ఉన్నాయి. ఈసారి బంగారు అంచు ఉంది కాబట్టి నీలంలో నీలం కలిసిపోయే బాధ లేదు.

విశాఖ బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన కుర్సురా జలాంతర్గామి 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించింది. ఈ తేదీలు కలిపి చూస్తే, అది కొలువు చేసినంత కాలమూ సిలువ పతాకం కిందే గడిచింది.

రేవులో ఓడల మీద కనిపించే చిన్న సిలువ జెండాలు ఏ దేశాలవి?

ఏ దేశాలవీ కావు. అవి అక్షరాలు. అంతర్జాతీయ సంకేతాల్లో నీలం మీద తెల్ల ఇంటు "ఎమ్", తెలుపు మీద ఎర్ర ఇంటు "వి", తెలుపు మీద నీలి ప్లస్ "ఎక్స్". ఒంటరిగా ఎగిరితే ఎమ్‌కు "నా ఓడ ఆగి ఉంది" అని, వికి "నాకు సాయం కావాలి" అని అర్థం. స్కాట్లండు ఓడ అనుకుని చేయి ఊపకండి.

రెండు అడ్డపట్టీల సిలువ ఎవరిది?

ఫ్రాన్సులో లొరేన్ సిలువ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సేనాని డిగాల్ నడిపిన స్వేచ్ఛా ఫ్రెంచి సేనల గుర్తు. హంగరీ రాజచిహ్నంలోనూ, స్లొవాకియా జెండాలో మూడు కొండల మీదా ఉన్నది దాని చుట్టమే. మన తరంవాళ్లకు మాత్రం ఇది బడిలోనే తెలుసు. మాస్టారు బలవంతాన అంటగట్టిన క్షయ నివారణ స్టాంపుల మీద ఎర్రగా ఉన్న గుర్తు ఇదే. 1902లో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో దానిని క్షయపై పోరుకు గుర్తుగా ప్రతిపాదించారు.

స్వస్తిక కూడా సిలువ కిందికే వస్తుందా?

హెరాల్డ్రీ లెక్కలో వస్తుంది, చేతులు వంగిన సిలువగా. జర్మన్లు నాజీ గుర్తును పిలిచిన పేరుకు అర్థం "కొక్కెపు సిలువ", అంతే. గడపకు పసుపు రాసి కుంకుమతో దిద్దే మన స్వస్తికకు ఆ పేరుతో పని లేదు. నాజీలు 1935లో జాతీయ జెండాగా చేసుకున్నది తెల్ల వలయంలో నల్లగా, ఏటవాలుగా వంచిన రూపం. జర్మనీలో ఆ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించటం నేరం. అక్కడ గృహప్రవేశం చేసేవాళ్లు తలుపు బయట వేసే ముందు ఇరుగుపొరుగుకు ఒక మాట చెప్పటం మంచిది. ఫిన్లండ్ కథ వేరు. 1918లో ఒక స్వీడిష్ ప్రభువు తనకు శుభసూచకమైన నీలి స్వస్తిక వేయించిన విమానాన్ని ఆ దేశానికి కానుకగా ఇచ్చాడు. వైమానిక దళం దానినే గుర్తుగా పెట్టుకుంది. అప్పటికి నాజీ పార్టీ పుట్టనే లేదు. అధ్యక్షుడి జెండా మూలలోని స్వాతంత్ర్య సిలువ పతకంలో ఆ స్వస్తిక ఇంకా ఉంది.

ఆస్ట్రేలియా జెండా మీది "సదరన్ క్రాస్" ఏ రకం?

గీసిన సిలువ కాదు, నక్షత్రాలు. మన పెద్దలు త్రిశంకుడు అని పిలిచినవి ఇవే. ఆస్ట్రేలియా అయిదు తెల్ల నక్షత్రాలు వేసుకుంది, న్యూజీలండ్ నాలుగు ఎర్ర నక్షత్రాలకు తెల్ల అంచు కట్టింది. మన దగ్గర నుంచీ కనపడతాయి. ఏప్రిల్ చివర్లో రాత్రి తొమ్మిదికి దక్షిణం వైపు అడ్డు లేని డాబా ఎక్కి దిగంతానికి కాస్త పైన వెతకండి. తొందరపడవద్దు, కుడిచేతి వైపు ఇంకో సిలువ ఉంటుంది. దీనికన్నా పెద్దది, మసకది. అది దొంగ సిలువ, నావికులను మోసం చేసినది. చిన్నగా, గట్టిగా మెరిసేదే జెండా మీదికి ఎక్కింది.